టెంకాయ చెట్టునకు నత్రజని యెరువు

నంద్యాల సీమ టెంకాయ సీమ కాదు. కోనసీమయందువలె కనుచూపు మేర తోపులు మనకు లేవు. అయినను పాములపాడు, ఆత్మకూరు, నందికొట్కూరు ప్రాంతములందు కె.సి. కాలువ పారకము క్రింద గాని, నల్లమల వాలున బావుల క్రింద గాని సేద్యము చేయు పట్టాదారులలో పెరటియందు నాలుగు చెట్లో, మడి గెనిమలపై పది చెట్లో పెట్టుకొన్నవారు పలువురు కలరు. శ్రీశైలము, మహానంది, అహోబిలము మనకు చేరువనే యుండుటచేత టెంకాయకు గిరాకి తప్పదు. వేసవిని లేతకాయకు పట్టణములందు మంచి వెల వచ్చుచున్నది. పోతిరెడ్డిపాడు తూము నుండి వచ్చు కృష్ణ నీరు మన మండలములోని బనకచెర్ల కడనే తెలుగు గంగగాను, శ్రీశైలము కుడి శాఖ కాలువగాను చీలిపోవుచున్నది గనుక, నీటి మాట వచ్చినప్పుడు మన చోటు మునుపటివలె వట్టి మెట్టసీమ కూడ కాదు. కావున టెంకాయను పెరటి వేడుకగాక పైరుగా చూచుకొనదలచిన కాపులకై యీ పత్రము వ్రాయబడినది.

ఈ చెట్లకు యెరువు వేయు విషయమున మనవారిలో రెండు తెగలవారు కనబడుచున్నారు. ఒక తెగవారు టెంకాయ దైవాధీనపు చెట్టనియు, వేరు నీటిని తాకినచో చాలుననియు తలచి పిడికెడు యెరువైనను వేయరు. రెండవ తెగవారు వరిమడికి చల్లగా మిగిలిన యూరియాను, సంచి యడుగున నెంత యున్న నంతయు, చెట్టు మొదట గుమ్మరించి నీరు కట్టుదురు. మొదటివారి చెట్లు కొద్దిపాటి కాయలతో సరిపెట్టును. రెండవవారి చెట్లు చూచుటకు ఆకుపచ్చగా నిగనిగలాడుచుండును గాని కాయ తూకమున వెలితి పడును, లోపలి కొబ్బరి పలుచనగును. ఇరువురికిని నష్టమే. అందు రెండవవారి నష్టము డబ్బు పెట్టి కొనితెచ్చుకొన్నది గనుక దానిని గురించి యిందు కొంచెము ఎక్కువగా వ్రాయవలసివచ్చినది.

నత్రజని యనునది మనము పీల్చు గాలిలో ఐదింట నాలుగు పాళ్లుగా నున్న వాయువే. చెట్టు చుట్టును అంత నత్రజని యున్నను చెట్టు దానిని నేరుగా గ్రహింపజాలదు. జనుము, జీలుగ, అలసంద మొదలగు కాయజాతి మొక్కల వేళ్ల బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు దానిని గాలినుండి పట్టి నేలకు చేర్చగలవు. మనుష్యుడు ఈ విద్యను 1909 వ సంవత్సరమున నేర్చెను. జర్మనీ దేశమున హేబరు అను శాస్త్రజ్ఞుడు గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియా చేసి చూపగా, బాష్ అనునతడు దానిని కార్ఖానాకు తగినట్లు పెంచి 1913 లో ఒప్పావు అను చోట పని నడపెను. అంతకుముందు దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఎడారి నుండి త్రవ్వి తెచ్చు సోడా నైట్రేటే లోకమునకు ముఖ్యాధారమై యుండెను.

మన దేశపు సంగతి చూడగా, టెంకాయలకు పుట్టినిల్లువంటి తిరువాన్కూరు సంస్థానమునందే, ఆల్వాయి కడ, 1947 లో అమోనియం సల్ఫేటు చేయు పెద్ద కార్ఖానా పని ప్రారంభించెను. ఆ తొలి దినములలో అందు కట్టెలను మండించి, వాని నుండి తీసిన వాయువుతో ఈ యెరువు చేయుచుండిరి. అడవి కట్టె పైరుకు యెరువగుట వింతయే గదా! పిమ్మట 1951 లో సింద్రీ కార్ఖానా వచ్చెను. ఇప్పుడు మన యంగళ్లలో దొరకు యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని కలదు. అమోనియం సల్ఫేటులో నూటికి ఇరువదింటికి కొంచెము పైన మాత్రమే యుండును.

నంద్యాల వ్యవసాయ పరిశోధన క్షేత్రము 1906 లోనే వెలసినను, అది ప్రత్తి, జొన్న మొదలగు మన పైరులకై పుట్టినది. టెంకాయను గురించిన పరిశోధన మద్రాసు రాష్ట్రపు వ్యవసాయ శాఖవారు 1916 లో పడమటి తీరమున కాసరగోడు, నీలేశ్వరము ప్రాంతములందు స్థాపించిన క్షేత్రములలో మొదలయ్యెను. నీలేశ్వరమున 1932 లో పొడుగు రకమును పొట్టి రకముతో సంకరము చేసిన పటేలు గారు టెంకాయను గూర్చి 1938 లో ఒక పెద్ద గ్రంథమును వెలువరించిరి. ఆ కాసరగోడు క్షేత్రమే నేడు కేంద్ర పరిశోధన సంస్థగా నున్నది. మన తెలుగు నేలపై కోనసీమలోని అంబాజీపేట క్షేత్రము ఈ పని చేయుచున్నది. గోదావరి గంగ అను సంకర రకము అచటిదే. ఈ పత్రములోని మోతాదులు ఇట్టి క్షేత్రములందు తేలినవి గాని యూహించి వ్రాసినవి కావు.

ఇక చెట్టు సంగతి. యెరువు మాటకు ముందు దీనిని తెలిసికొనుట మేలు, ఏలయన టెంకాయ విషయమున కాపు మోసపోవుటకు మూలము చెట్టు నడకను ఎరుగకపోవుటయే.

వరికి యూరియా చల్లినచో వారము దినములలో ఆకు రంగు మారును, ఆ పంటలోనే ఫలితము చేతికి వచ్చును. టెంకాయ అట్టిది కాదు. బాగుగా పెరుగు పొడుగు రకపు చెట్టు ఏడాదికి పండ్రెండు మొదలు పదునాలుగు మట్టలు వేయును, అనగా నెలకొక మట్ట యని చెప్పవచ్చును. ఒక్కొక్క మట్ట చంకలోను ఒక పాళ, అనగా పూగుత్తి, యుండును. కావున మట్టలెన్నియో గెలలన్ని కావలెను. అయితే ఈ పాళ మనకు కనబడునాటికి దాని వయస్సు చాల మీరి యుండును. మొవ్వు లోపల, కంటికి కానరాని చోట, పాళకు అంకురము పడినది మొదలు అది విచ్చుకొనువరకు దాదాపు 32 నెలలు పట్టును. ఆ పిమ్మట పిందె ముదిరి కాయ యగుటకు మరి పదునొకండు, పండ్రెండు నెలలు కావలెను. రెండును కలిపిన మూడున్నర సంవత్సరములకు పైమాటే. నేడు మీరు చెట్టునుండి దింపు గెలకు అంకురము పడిన నాడు మీ బిడ్డకు బడి యీడు వచ్చి యుండదు, నేడు ఆ బిడ్డ పలక పట్టుచున్నాడు.

ఆ 32 నెలలలోను చెట్టు ఒక్కొక్కదశలో ఒక్కొక్క లెక్క తేల్చుకొనును. పాళ విచ్చుటకు ఏడాది ముందుగా అందు ఆడపువ్వులు, మగపువ్వులు ఏర్పడును. ఆడపువ్వులే కాయలగునవి. ఆ సమయమున చెట్టుకు నత్రజని, నీరు కొరవడినచో ఆడపువ్వుల సంఖ్య తగ్గిపోవును. కావున నిరుడు వేసవిలో మీరు చెట్టును ఎండగట్టిన పాపము ఈ యేటి పాళలో కనబడును, వచ్చు ఏటి కోతలో అనుభవమునకు వచ్చును. ఒక యేడు యెరువు వేసి, 'కాయ పెరుగలేదు, డబ్బు దండుగ' యని రెండవ యేడు మానివేయు కాపు తన పెట్టుబడికి ఫలము రాకముందే తోట నుండి వెడలిపోయినవానితో సమానము. అట్లే మంచి తోటకు యెరువు మానినను వెంటనే నష్టము తెలియదు. రెండేండ్లు పాత బలముతో కాచి, పిమ్మట జారిపోవును. ఆ జారుడు మరల సరిచేయుటకును అన్ని యేండ్లే పట్టును.

చెట్టు వేరు కూడ మామిడి, చింతల వంటిది కాదు. తల్లివేరు లేదు. బోదె అడుగునుండి త్రాళ్లవలె వేలకొలది వేళ్లు బయలుదేరును. వానిలో యెరువును చురుకుగా పీల్చునవి చాలవరకు బోదెకు రెండు గజముల లోపలనే, అడుగు మొదలు నాలుగడుగుల లోతులో నుండును. యెరువు బోదెను ఆనుకొని కుప్పగా వేసినను వ్యర్థమే, చేను మొత్తమున చల్లినను వ్యర్థమే.

నత్రజని చేయు పనులు ముఖ్యముగా మూడు. మట్టలు త్వరత్వరగా వచ్చును, వచ్చిన మట్ట వెడల్పుగను ఆకుపచ్చగను ఉండి యెండను బాగుగా పట్టుకొనును, పాళలో ఆడపువ్వులు హెచ్చును. లేతచెట్లు త్వరగా పూతకు వచ్చుట కూడ దీని వలననే. ఇంతవరకు నత్రజనిని ఎంత పొగడినను తగును. కాని పువ్వును పట్టి నిలుపుట, కాయను నింపుట, కొబ్బరికి మందము నిచ్చుట నత్రజని యొక్కదానిచేత కాదు. ఆ పని పొటాషుది. టెంకాయ నేలనుండి తీసికొనిపోవు సత్తువలలో నత్రజని కంటెను పొటాషే ఎక్కువ. అందులో పెద్ద పాలు పీచునందే యుండును. పూర్వులు టెంకాయ చిప్పలను, పీచును కాల్చిన బూడిదను చెట్టు మొదట వేయుట ఊరక పుట్టిన యాచారము కాదు. నేడు పీచు పొయ్యిలోనికి, బూడిద వీధిలోనికి పోవుచున్నది. నత్రజని మాత్రము సంచులతో వచ్చుచున్నది.

దీనికి ధర కూడ ఒక కారణము. యూరియా వెలను ప్రభుత్వమువారు తామే నియమించి చౌకగా నుంచిరి. 2010 లో పోషకములను బట్టి సహాయమిచ్చు పద్ధతి వచ్చినది మొదలు భాస్వరపు యెరువులు, పొటాషు వెల పెరిగినవి, యూరియా వెల మాత్రము అంతగా కదలలేదు. చౌకయైన దానిని ఎక్కువ వేయుట మనుష్య స్వభావము. చెట్టుకు మాత్రము ఈ ధరల పట్టిక తెలియదు.

మట్ట పసుపు పచ్చనైనంతనే నత్రజని లోపమని యెంచరాదు. ఈ తొందరపాటు వలన కలుగు నష్టమే ఎక్కువ. నత్రజని కొరవడినప్పుడు అడుగు ముదురు మట్టలు మొదట పాలిపోయి, మట్ట యంతయు సమముగా పచ్చబారును. కొంతకాలమునకు పై మట్టలును లేతరంగు చెందును. మట్టల సంఖ్య తగ్గును, పొడవు తగ్గును. ఏండ్ల తరబడి అట్లే విడిచినచో బోదె పైకి పోవుకొలది సన్నబడి పెన్సిలు మొనవలె నగును. పొటాషు లోపమునందు ముదురు మట్టలపై నారింజరంగు చుక్కలు పుట్టి, ఆకు కొనలు, అంచులు ఎండిపోవును. మెగ్నీషియము కొరవడిన మట్టలందు ఆకు కొనలు పచ్చబారి, నడిమి కాడకు చేరువ భాగము మాత్రము ఆకుపచ్చగా నిలుచును. ఈ రంగు ఎండ తగులు ప్రక్కను మిక్కుటముగా నుండును. అడుగు మట్టలు బాగుండి పై లేతమట్టలు పాలిపోయినచో అది నత్రజని లోపము కానేరదు. సున్నపు పాలు హెచ్చుగానున్న మన రేగడులలో అట్టిది ఇనుము అందకపోవుట వలన రావచ్చును, గంధకము కొరతవలన రావచ్చును. మొవ్వులోని ఆకులు విప్పుకొనక ముడుచుకొని కొక్కెములవలె వంగినచో బోరాను లోపమని తెలియవలెను.

వీనియన్నిటికంటె మన వరి గెనిమలపై చెట్లకు వచ్చు పసుపు మరియొకటి కలదు. అది నీరు నిలుచుట వలన కలుగునది. వేళ్లకు గాలి యందక అవి క్రుళ్లినప్పుడు నేలలో ఎంత నత్రజని యున్నను చెట్టు దానిని పీల్చజాలదు. అట్టి చెట్టుకు యూరియా వేయుట గొంతు మూసుకొనిపోయిన వానికి అన్నము పెట్టుట వంటిది. ముందు నీరు తీయు కాలువ త్రవ్వవలెను.

లోపమును సరిగా తెలిసికొనుటకు ఆకు పరీక్ష కలదు. పూర్తిగా విప్పుకొనిన మొదటి మట్టను ఒకటిగా లెక్కించి క్రిందికి పదునాలుగవ మట్ట నడుమ భాగపు ఆకులను తీసి పరీక్షకు పంపుదురు. అందు నత్రజని నూటికి 1.8 మొదలు 2 వరకు ఉన్నచో చెట్టుకు చాలినట్లు. దానికి మించి యున్న తోటలో యింకను యూరియా వేయుట నేలపాలు చేయుటయే. పది చెట్ల కాపుకు ఇది వ్యయప్రయాసగా తోచవచ్చును గాని తోటగా పెట్టినవారికి రెండు మూడేండ్లకొకసారి తప్పక తగినది. భూసార పరీక్ష మాత్రము అందరును చేయించుకొనవలెను.

మోతాదు. కాపునకు వచ్చిన ఒక చెట్టుకు ఏడాదికి నత్రజని 500 గ్రాములు, భాస్వరము 320 గ్రాములు, పొటాషు 1200 గ్రాములు సాధారణముగా చెప్పబడు కొలత. దీనిని అంగడి యెరువులలోనికి మార్చిన, యూరియా ఒక కిలో తొంబది గ్రాములు, సూపరు ఫాస్ఫేటు రెండు కిలోలు, మ్యూరియేట్ ఆఫ్ పొటాషు రెండు కిలోలు అగును. యూరియాకు మారుగా అమోనియం సల్ఫేటు వేయువారు రెండు కిలోల నాలుగు వందల గ్రాములకు పైగా వేయవలెను. క్షారము గల మన రేగడులకు అది యూరియా కంటె మేలైనది, అందు గంధకమును కలదు. కాని వెల హెచ్చు. నీటి వసతి గల సంకర రకపు చెట్లకు కేరళమున నత్రజని ఒక కిలో వరకు వేయుటకు సలహా యిచ్చుచున్నారు. అట్లు చెప్పుచునే పొటాషును రెండు కిలోలకు పెంచుమనిరి. ఈ సంగతి గమనింపదగినది. నత్రజని పెరిగినచోట పొటాషును దానికి రెట్టింపుగా నడుచుచున్నది.

లేతమొక్కలకు ఇంత పనికిరాదు. నాటిన మూడు నెలలకు పై కొలతలో పదియవ వంతు, రెండవ యేట మూడవ వంతు, మూడవ యేట మూడింట రెండు వంతులు, నాల్గవ యేటినుండి పూర్తి మోతాదు.

మన నేలలలో ఒక భేదము చెప్పవలసి యున్నది. నల్లరేగడులందు పొటాషు స్వభావముగా మెండు, నత్రజని తక్కువ. నల్లమల అంచున నున్న ఎర్ర నేలలందు, గరప నేలలందు రెండును తక్కువ. కావున రేగడి కాపు భూసార పరీక్షలో పొటాషు సమృద్ధిగా నున్నదని తేలినయెడల ఆ మోతాదును కొంత తగ్గించుకొనవచ్చును. ఎర్రనేల కాపు ఆ పని చేయరాదు. పొరుగువాని మోతాదు చూచి తన చెట్టుకు వేయు కాపులు ఈ మాటను మనసున నుంచుకొందురు గాక. పైగా పొటాషు ఉప్పుతోపాటు చెట్టుకు కావలసిన క్లోరిను కూడ చేరును. టెంకాయకు క్లోరిను అవసరమను మాట 1970 ప్రాంతమున బాగుగా తేలినది. కొందరు చెట్టు మొదట వంటయుప్పు వేయుట ఇందువలన పూర్తిగా మూఢాచారము కాదు. కాని అది తీరపు ఇసుక నేలల మాట. మన రేగడిలో ఉప్పు వేసినచో నేల బిగిసి నీరు ఇంకక చెడిపోవును. మ్యూరియేట్ వేయువారికి వేరుగా ఉప్పు అక్కరలేదు.

వేయు విధము. బోదె చుట్టు ఆరడుగుల మేర పాది తీసి, బోదెకు ఒక అడుగు దూరము విడిచి, మిగిలిన భాగమంతయు సమముగా చల్లి మట్టితో కప్పవలెను. వేళ్లను లోతుగా నరకరాదు. మట్టితో కప్పుట ఏల యనగా, యూరియా నేలపై పడిన వెంటనే తడి తగిలి అమోనియాగా మారును. మన నేలలో క్షారము హెచ్చు, ఎండ హెచ్చు. కప్పని యెడల ఆ అమోనియా ఆవిరియై గాలిలో కలిసిపోవును. చెట్టు మొదట ఘాటు వాసన వచ్చినచో మీ డబ్బు పోవుచున్నట్లు తెలియవలెను. కప్పిన వెంటనే తేలికగా తడి నీయవలెను. పాది నిండి పొర్లునట్లు నీరు కట్టినచో నత్రజని వేరుకు అందని లోతునకు దిగిపోవును. నీరు నాళ్ల తరబడి నిలిచినచో నేలలోని సూక్ష్మజీవులు దానిని మరల వాయువుగా మార్చి గాలికే యిచ్చివేయును. 2015 నుండి యూరియా అంతయు వేపనూనె పూతతో వచ్చుచున్నది. అది కొంత నిదానముగా పనిచేయును గాని మట్టి కప్పు పనిని తప్పింపదు.

వాన నమ్ముకొన్న చెట్లకు ఏడాది మోతాదును రెండుగా చేసి, మూడవ వంతు తొలకరి తడికి, మిగిలిన రెండు వంతులు భాద్రపద ఆశ్వయుజములందు నేల పదునుగా నున్నప్పుడు వేయవలెను. నీటి వసతి గలవారు మూడు నాలుగు సమభాగములుగా వేయుట మంచిది. మన ప్రాంతమున వాన టెంకాయకు చాలదు. కె.సి. కాలువ నీరు వేసవిని నమ్మదగినది కాదు. కావున మాఘము మొదలు మృగశిర కార్తెవరకు బావి నీరో బోరు నీరో నాలుగు దినములకొకసారి చెట్టుకు 200 లీటర్ల చొప్పున అందింపగలవారే పూర్తి మోతాదు యెరువు వేయుదురు గాక. నీరు లేని చెట్టుకు పూర్తి నత్రజని వేసినచో ఆడపువ్వులు హెచ్చుగా వచ్చి, పిందె దశలోనే రాలిపోవును. పిందె రాలిన చెట్టు క్రింద నిలిచి యెరువును తిట్టువారు, ఆ వేసవిని ఎన్ని తడులు కట్టిరో లెక్క చూచుకొనవలెను.

ఇంతవరకు అంగడి యెరువు మాట చెప్పితిమి. పెంట యెరువును తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. చెట్టుకు ఏడాదికి యాబది కిలోల చివికిన పశువుల యెరువు వేయవలెను. అయితే అందు నత్రజని నూటికి అర పాలు మాత్రమే గనుక 500 గ్రాములును దానితోనే యీయదలచిన నూరు కిలోలు కావలెను. వేపపిండియైన పది కిలోలు, వేరుశనగ పిండియైన ఏడు కిలోలు కావలెను. వేరుశనగ పిండిని పశువుకు పెట్టి ఆ పేడను చెట్టుకు వేయుట ఉభయతారకము. సగము నత్రజని సేంద్రియముగను సగము యూరియాగను ఇచ్చు పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. ఏలయన మన రేగడి వేసవిలో బీటలు వారి వేళ్లను త్రెంచును, సేంద్రియము కలిసిన నేల అంతగా పగులదు. గెనిమలపై గ్లిరిసిడియా కొమ్మలు నాటుకొని యేటేట రెండు మూడు మార్లు కోసి పాదులలో వేయవచ్చును. తొలకరిని పాదిలో పిడికెడు జనుము గింజలో అలసందలో చల్లి, పూతకు రాగానే అచటనే త్రొక్కివేసినను మంచి ఫలితము కలుగును. విత్తనపు వెల తప్ప వ్యయము లేదు.

ఒక హెచ్చరిక. చివుకని పెంటను చెట్టు మొదట కుప్పపోయరాదు. కొమ్ము పురుగు గ్రుడ్లు పెట్టుటకు అంతకంటె ఇష్టమైన చోటు లేదు. ఆ పురుగు మొవ్వును తొలిచినచో, ఆ గాయము వెంట ఎర్రముక్కు పురుగు చొచ్చి చెట్టునే కూల్చును. టెంకాయ బోదెకు గాయము మానదు. మామిడివలె క్రొత్త బెరడు కప్పుకొను శక్తి దానికి లేదు.

నత్రజని మితిమీరినప్పుడు కలుగు కీడు మొదట సూచించితిమి. కాయల సంఖ్య కొంత పెరిగినను కాయకు వచ్చు ఎండు కొబ్బరి తగ్గును. లెక్కకు అమ్మువాడు ఇది గమనింపడు, తూకమునకు అమ్మువాడు గమనించును. నత్రజని హెచ్చి పొటాషు తగ్గిన తోటలందు కాయను గీసినట్లు చేయు నల్లి బాధ అధికమగుటయు పరిశోధకులు గమనించిరి. ఈ నల్లి 1998 లో కేరళమున కనబడి కొలది యేండ్లలోనే మన రాష్ట్రమునకును ప్రాకినది.

అంతకంటె పెద్ద మాట యొకటి. పెరటి టెంకాయకును ఇంటి బావికిని నడుమ దూరము తక్కువ. చెట్టు పీల్చక మిగిలిన నత్రజని నైట్రేటుగా మారి నీటితోపాటు బావిలోనికి దిగును. త్రాగు నీటియందు లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని మన దేశమున కట్టడి. అది మించిన నీటితో పాలు కలిపి పట్టినచో చంటిబిడ్డ రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి సన్నగిల్లి, దేహము నీలివర్ణము పొందును. కాచినంత మాత్రమున నైట్రేటు పోదు. పైగా నీరు ఇగిరినకొలది దాని పాలు పెరుగును. కావున బావి దగ్గరి చెట్లకు యూరియాను మోతాదు మించి వేయక, చిన్న భాగములుగా విభజించి వేయుట, ఆ నీటిని ఒక్కసారియైనను పరీక్షకు పంపుట ఇంటి యజమాని ధర్మము.

ఇక ఎకరపు లెక్క. చెట్టుకు చెట్టుకు ఇరువదియారు అడుగులకు పైగా ఎడము నుంచి నాటిన ఎకరమునకు దాదాపు అరువది చెట్లు పట్టును. అరువది చెట్లకు ఏడాదికి యూరియా 65 కిలోలు, అనగా ఇప్పటి 45 కిలోల సంచులు ఒకటిన్నరకు లోపు, సూపరు ఫాస్ఫేటు 120 కిలోలు, పొటాషు 120 కిలోలు కావలెను. వరిమడి ఎకరమునకు మూడు సంచుల యూరియా చల్లుటకు అలవాటుపడిన చేతికి ఒకటిన్నర సంచి అల్పముగా తోచును. కాని తోటకు అంతే చాలును. మిగిలిన సంచిన్నర సొమ్మును పొటాషుకును, పెంటబండ్ల కూలికిని మళ్లించిన కాపుకు అదనపు వ్యయము అంతగా పడదు.

సందేహము గల కాపులు ఇట్లు చేసి చూడవచ్చును. ఒకే వయస్సు, ఒకే పారకము గల చెట్లు పది యేర్పరచుకొని, బోదెలపై తారుతో అంకెలు వేయుడు. అయిదు చెట్లకు మీ యలవాటు ప్రకారము, తక్కిన అయిదింటికి పైన చెప్పిన ప్రకారము యెరువు వేయుడు. నీరు మాత్రము పదింటికిని సమముగా కట్టవలెను. దింపిన ప్రతిసారియు చెట్టు చెట్టుకును కాయల లెక్క, అయిదేసి కాయల ఎండు కొబ్బరి తూకము ఒక పుస్తకమున వ్రాయుచు రండు. మొదటి యేటి అంకెలు చూచి యే నిశ్చయమునకును రావలదు. రెండవ యేట విచ్చు పాళలలో ఆడపువ్వులు లెక్కింపుడు, మూడవ యేటి చివర నుండి కాయలను తూచి చూడుడు. నాలుగవ యేట ఆ పుస్తకమును, ఆకు పరీక్ష ఫలితమును వెంట తెచ్చిన కాపుకు ఆ తోటకు తగిన మోతాదు చెప్పుట వ్యవసాయోద్యోగికి సుళువగును.